బాపు మోకు, నా టైర్లు

మొన్న వానలు పడకముందే మా చిన్న బిడ్డ తన కారుకు టైర్లు మార్పించుకోవాలని జగిత్యాలకు బయలుదేరితే, తోడుగా నేనూ వెళ్లాను. తోడు అన్నది నా మాట. ఆమె లెక్కలో మాత్రం నేను ఇంట్లో కూర్చుని టీవీ మీద అరవకుండా ఉండడానికి వెంటబెట్టుకుపోయే సామానుని. దుకాణంలో ఒకతను సన్నటి పుల్లలాంటి కొలతను టైరు గాట్లలో గుచ్చి చూసి, నాలుగూ మార్చాల్సిందేనని తేల్చేశాడు. అక్కడితో అయిపోయిన పనిని నేను ఒప్పుకోకుండా, మోకాళ్లు పట్టేసినా సరే వంగి కూర్చుని, అరచేతిని టైరు మీద ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ రాసి చూశాను. అతను చెప్పింది నిజమే. లేచేసరికి చెయ్యంతా మసి. మా బిడ్డ రుమాలు ఇస్తూ, "గిట్ల చెయ్యి వెట్టి సూసుడు ఏడ నేర్చుకున్నవ్ బాపూ" అని అడిగింది. మా మేనమామ దగ్గర అనబోయి ఆగాను. బండి నడపడం నేర్పింది మేనమామే కానీ, టైరును చేత్తో చూడడం నేర్పింది జీవితంలో ఒక్కసారి కూడా స్టీరింగు పట్టని మా బాపు.

మాది కోరుట్ల పక్కన పల్లె. తాళ్లెక్కి కల్లు గీసే ఇల్లు. మా తాత ఎక్కాడు, బాపు ఎక్కాడు, లెక్క ప్రకారం నేనూ ఎక్కాల్సినవాణ్నే. కానీ మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న, ఒక ముసురు రోజు చెట్టు మీది నుంచి జారిపడి పోయాక, నన్ను కన్న మా అవ్వ పట్టుబట్టి నన్ను తాటివనం ఛాయలకు పోనియ్యలేదు. కోరుట్లలో కిరాయి కారు నడిపే తన తమ్ముడి చేతిలో నన్ను పెట్టింది. నేల మీద పోయే పనిలో పడ్డా ప్రాణం పోదని ఆమె నమ్మకం, ఆ నమ్మకాన్ని చెడగొట్టడం ఎందుకని నేనూ ఊరుకున్నాను. కొన్నాళ్లకు మేనమామ ఇంకో బండి కొనుక్కుని తన పాత అంబాసిడర్‌ను నాకు వదిలేశాడు. అట్లా కొడుకు దక్కాడు సరే, ఇక ఆమె భయమంతా బాపు మీద పడింది. బాపుకు కుడి మోకాలు సలుపు. పొద్దున్నే గడప దిగేటప్పుడు ఒక చెయ్యి గోడకు ఆనించేవాడు. ఆ మనిషే గంట తిరగకుండా తాటిచెట్టు కొసన ఉండేవాడు. వద్దని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఒకసారి చెప్పి చూసిన అవ్వకు ఆ తర్వాత కొన్ని రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట వినబడలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, మోకు అంటే చెట్టునూ నడుమునూ కలిపి చుట్టుకునే లావుపాటి పగ్గం. మనిషి వెనక్కి వాలి, బరువంతా దాని మీదే వేసి, కొద్దికొద్దిగా పైకి జరుపుకుంటూ ఎక్కుతాడు. అది తెగితే ఇక చెప్పేదేముంది. అందుకని బాపు రోజూ పొద్దున్నే మోకును ఒళ్లో వేసుకుని, చూపు ఎటో పెట్టి, అరచేతిలో నుంచి మెల్లగా పోనిచ్చేవాడు. కంటికి కనబడని పోగు చేతికి తగులుతుందనేవాడు. ఆ పని అయ్యాక అదే చేత్తో వాకిట్లో ఉన్న నా కారు నాలుగు టైర్లూ తడిమేవాడు. కొత్తలో నాకు నవ్వొచ్చేది. కొనబోయే బర్రెను చూసినట్టు చూస్తున్నాడని అవ్వ కూడా ఎగతాళి చేసేది. ఆయన మాత్రం, "నేను దీని మీద వాలుతున్న, నువ్వు దాని మీద వాలుతున్నవ్ కొడుకా, గంతే" అని తన పని తాను చేసుకుపోయేవాడు.

మన వయసు డ్రైవర్లకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో టైరు అరగ్గానే తీసి పారేసేది కాదు. అరిగినదానికి మళ్లీ రబ్బరు వేయించి, ఆ రబ్బరూ పల్చబడ్డాక వెనక్కి మార్చి, అక్కడా గుండయ్యాక స్టెప్నీ చేసి, చివరికి పిల్లలు కట్టెపుల్లతో దొర్లించుకునేదాకా దాని ఉద్యోగం దానికి ఉండేది. కోరుట్లలో కిరాయి బండ్లు ఆగే అడ్డా మీద మేము ఒకరి మొహం ఒకరం చూసుకునే ముందు టైర్లు చూసుకునేవాళ్లం. నడిమధ్యన అరిగితే గాలి ఎక్కువ కొట్టిస్తాడని, రెండు అంచులూ అరిగితే గాలికి కూడా పీనాసితనమేనని, మచ్చలు మచ్చలుగా అరిగితే బ్రేకు మీద నిలబడి నడుపుతాడని చెప్పేసేవాళ్లం. పిల్లనిచ్చేవాళ్లు పెళ్లికొడుకు గుణం తెలుసుకోవాలంటే ఊళ్లో అడగక్కర్లేదు, వాడి టైర్లు చూస్తే చాలని మేనమామ నవ్వించేవాడు. ఒక్క పక్కే అరిగిన టైరును చూస్తే మాత్రం ఎవరూ నవ్వేవాళ్లు కాదు. అది టైరు తప్పు కాదు. కింద ఎక్కడో ఏదో వంగింది, బరువు సమంగా పడడం లేదు. అప్పుడు కొత్త టైరు వేసినా లాభం లేదు, రోగం లోపల ఉంటుంది.

దారులు కూడా టైర్లను తలో రకంగా తినేవి. వీర్నపల్లి దిక్కు పోతే కంకర రాళ్లు గాట్లలో ఇరుక్కుని దారి పొడుగునా టకటకలాడేవి, ఇంటికొచ్చి స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటే పీకేవాణ్ని. ఎండాకాలం సిరిసిల్ల పోయే తోవలో తారు కరిగి టైర్లకు పట్టుకుని చిటచిటమంటుంటే, బండిని ఎవరో వెనక్కి గుంజుతున్నట్టు ఉండేది. ఇబ్రహీంపట్నం వైపు మక్కజొన్న కోతల కాలంలో సగం రోడ్డు రైతులదే. ఆరబోసిన మక్కల మీద చక్రం పడితే కొత్త టైరు, పాత టైరు అన్న తేడా లేదు, గోలీల మీద నిలబడ్డట్టే. అయినా మేమెవరమూ రైతులతో గట్టిగా కొట్లాడింది లేదు, మా ఇళ్ల మక్కలూ ఏదో ఒక రోడ్డు మీద ఆరుతుండేవే కదా. పెద్దవానకూ భయపడేవాళ్లం కాదు. భయమల్లా మొదటి చినుకులకే. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్మూ, లారీలు కార్చిన నూనే తడిసి, రోడ్డు మీద సబ్బు రాసినట్టయ్యేది.

అలాంటి మొదటి వానకే నా కారు తిరిగింది. సిరిసిల్లలో కిరాయి దించి ఒక్కణ్నే వస్తున్నాను. ముందు టైర్లు మంచివే, వెనకవి నున్నగా అయ్యాయని తెలుసు, ఇంకో ట్రిప్పు నడుస్తుందిలే అని తిప్పుతున్నాను. అడ్డా మీద అందరి నోటా ఉండే మాటే అది, ఇంకో ట్రిప్పు. ఒక మలుపులో బ్రేకు మీద కాలు వేశానో లేదో, వెనక భాగం నన్ను అడక్కుండానే పక్కకు పోయింది. కారు సగం చుట్టు తిరిగి, రోడ్డు దిగి గడ్డిలో ఆగింది. మళ్లీ సిరిసిల్లకే పోదామన్నట్టు దాని మొహం అటే ఉంది. ఎదురుగా బండేదీ రాలేదు కాబట్టి బతికాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కానీ పొద్దున్నే టైర్లు తడిమే మనిషికి ప్రత్యేకంగా చెప్పే పనేముంది. బాపు వెనక చక్రంలో ఇరుక్కున్న గడ్డిపోచలు తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "గా టైర్లతోని బండి కదిలితే నేను బువ్వ ముట్ట" అని మెల్లగా అన్నాడు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ని. మెల్లగా అన్నందుకు ఎదురు చెప్పలేక, కోపం మింగుకుని, మేనమామ సాయంతో వెనక రెండూ కొత్తవి వేయించుకునేదాకా బండి తీయలేదు. ఆ కోపం కొన్నాళ్లు ఉండింది. కొత్త టైర్లతో వానలో అదే మలుపు తిరుగుతూ, బండి నేలను పట్టుకున్న పట్టు కూర్చున్న చోట తెలిశాక, ఎటు పోయిందో పోయింది.

ఆ వానలు పోయి చలి మొదలైంది. ఒక పొద్దున నేను కారు కడగబోతుంటే, మంచుకు తడిసిన మోకును బాపు ఆరడానికి బానెట్ మీద వేసి లోపలికి పోయాడు. తీసి పక్కన పెడదామని పట్టుకుంటే, చెయ్యి తనంతట తనే దాని వెంట నడిచింది. కుడి పక్క పగ్గం గట్టిగా ఉంది. ఎడమ పక్కకు వచ్చేసరికి పోగులు లేచి కోడి ఈకల్లా తగిలాయి. తిప్పి చూశాను, మళ్లీ చూశాను. పాతబడ్డ మోకైతే రెండు పక్కలా అరగాలి. ఇది ఒక్క పక్కే అరిగింది. అంత ఎత్తున కుడికాలు బరువు మొయ్యలేకపోతోంది, మనిషి మొత్తం ఎడమకు వాలిపోతున్నాడు. కొత్త మోకు తెచ్చినా లాభం లేదు.

ఆ సంగతి కడుపులోనే పెట్టుకున్నాను. అవ్వకు చెబితే ఆమెకు నిద్ర ఉండదు, బాపుకు చెబితే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. కిరాయి మీద తాటివనం పక్క నుంచి పోయినప్పుడల్లా బండి నెమ్మది చేసి, ఆయన ఏ చెట్టు మీద ఉన్నాడో వెతికేవాణ్ని. వెనక కూర్చున్నవాళ్లు బండికి ఏమైందోనని కంగారుపడేవాళ్లు. చెట్టు మీద ఆయన కనబడితే భయం, కనబడకపోతే ఇంకా భయం. ఆ రోజుల్లో స్టీరింగు ముందు కూర్చున్నానే గానీ నా ప్రాణం ఎప్పుడూ ఆ చెట్ల మీదే ఉండేది.

చివరికి మాట ఎత్తింది ఆయనే. ఒక పొద్దున నా టైర్లు తడమడం అయ్యాక, మోకు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"నీకు అరుగుడు సంగతి ఎర్కనే గదా. జర గిది సూడు" అన్నాడు.

చూడాల్సింది ఎప్పుడో చూశాను. అయినా మొదటిసారి చూస్తున్నట్టు కొస నుంచి కొస దాకా తడిమి, కొత్త మోకు తెద్దామన్నాను.

"మోకు ముచ్చట గాదు కొడుకా. ఎక్కాల్నా, వద్దా? నువ్వు జెప్పు."

వాకిట్లో బియ్యం చెరుగుతున్న అవ్వ చేతిలో చాట ఆగిపోయింది. ఇంకో ఏడాది నడుస్తది బాపూ అన్న మాట నా నాలుక చివరికి వచ్చింది, అడ్డా మీద రోజూ అనే మాటే గనక. చెట్టు మీద ఆయన రాజు. పైనుంచి చుట్టుపక్కల ఊళ్లన్నీ కనబడతాయని, ఎవరింట్లో పొయ్యి వెలిగిందో వెలగలేదో తనకే ముందు తెలుస్తుందని గొప్పగా చెప్పుకునే మనిషి. కిందికి దించితే ఆయనకు మిగిలేది కల్లు అమ్మే మండువాలో ఒక మూల. అదంతా నాకు తెలుసు. తెలిసే, "వద్దు బాపూ. ఇగ ఎక్కకు" అన్నాను.

ఆయన మోకును చుట్ట చుట్టి గోడకున్న కొయ్యకు తగిలించి బయటికి నడిచాడు. తన చెట్లను మా పెద్దబాపు కొడుక్కి అప్పగించాడని సాయంత్రానికి తెలిసింది. అవ్వ ఆ పూట నాకు అన్నం పెడుతూ ఒక చేత్తో కళ్లు తుడుచుకుంది, సంతోషమో దుఃఖమో ఆమెకే తెలియాలి.

ఆ తర్వాత బాపు నాతో మాట్లాడలేదు. ఆ కల్లు కాలమంతా అలాగే గడిచింది. నాకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే నా ముందే అవ్వకు చెప్పేవాడు, అవ్వ నాకు చెప్పేది. పొద్దున్నే టైర్లు తడమడం మాత్రం ఒక్కనాడూ మానలేదు. బాగుంటే అవతలికి పోయేవాడు, గాలి తక్కువుంటే ఆ టైరును కాలితో ఒక తన్ను తన్ని పోయేవాడు. మా ఇద్దరి మధ్య మాటంటే అదే. నేను చెప్పింది తప్పు కాదని తెలిసినా నాకు ఎన్నోసార్లు ఏడుపొచ్చింది.

మళ్లీ వానలు పడ్డాక ఒకరోజు నేను ఖాళీ బండితో జగిత్యాలకు బయలుదేరుతుంటే, వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. చినుకులు పడుతున్నాయి. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కాలు తన దగ్గర లేని బ్రేకును తొక్కుతోంది. తాటివనం దాటాక, బయటికి చూస్తూనే నోరు విప్పాడు.

"అప్పట్ల రెండుమార్లు కాలు జారింది. నాకెర్కే. ఎవలన్న ఒకలు వద్దంటే దిగుదామని సూసిన. అందరు భయపడ్డరు. నువ్వన్నవ్."

బండి పక్కకు ఆపుకోవాల్సి వచ్చింది. వానకు అద్దంలో తోవ కనబడడం లేదని చెప్పాను. వైపర్లు బాగానే తిరుగుతున్నాయని ఆయనకూ కనబడుతూనే ఉంది. ఆ రోజు నుంచి ఖాళీ ట్రిప్పు అయితే ముందు సీటు ఆయనదే. అట్లా చాలా ఏళ్లు నాతో తిరిగాడు. ముసలితనం వచ్చి, మంచం మీద, అందరి ముందూ పోయాడు. మా ఇంట్లో చెట్టెక్కే మగవాళ్లలో అలా పోయినవాడు ఆయనొక్కడే.

ఇప్పుడు రోడ్లు మారాయి, టైర్లు మారాయి, అడ్డా మీద ఒకరి టైర్లు చూసి ఒకరం నవ్వుకునేవాళ్లలో సగం మంది లేరు. గుండు టైర్ల కాలం పోవడం మంచిదే, దాని కోసం నేను బెంగపెట్టుకోను. నాకు వెలితిగా ఉండేది వేరే. మా ఇళ్లలో అప్పుడు మాటలు తక్కువే కానీ, అనాల్సింది మొహం మీద అనేవాళ్లం. కోపాలూ మొహం మీదే ఉండేవి, పోయేటప్పుడు మొత్తంగా పోయేవి. ఇప్పటి పిల్లలు మనం నొచ్చుకుంటామని మాట దాచుకుంటారు. ఈమధ్య ఎటు బయలుదేరినా మా చిన్న బిడ్డ నాకంటే ముందు నడిచి స్టీరింగు ముందు కూర్చుంటోంది. అదేమంటే తనకు ప్రాక్టీసు కావాలంటుంది, డ్రైవింగు వచ్చి ఎన్నేళ్లయిందో నాకు తెలియనట్టు. ఈ మధ్యే సిరిసిల్ల నుంచి వచ్చేటప్పుడు పట్టుబట్టి నేను నడిపాను. మిట్టమధ్యాహ్నం ఎండలో రోడ్డు దాటుతున్న బర్రెను ఆలస్యంగా చూశాను. బ్రేకు పడింది, బర్రె బతికింది. ఆమె నా వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ రోజు నుంచి, నడపాల్నా వద్దా నువ్వే చెప్పమని ఆమెను అడగాలనుకుంటున్నాను. పొద్దున్నే చాయ్ తాగేటప్పుడు మాట నోటిదాకా తెచ్చుకుంటాను. ఏమంటుందో నాకు తెలుసు. ఇంకా అడగలేదు.