నాన్‌కివెల్ గారి మంచినీళ్ళు

క్లారెన్స్ నాన్‌కివెల్ ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ ట్యాంకులో నీళ్ళు రుచి చూసేవాడు. ఆ తర్వాతే టీ పొట్లం అమ్మేవాడు. నీళ్ళు రుచి చూపించనివాళ్ళకి, ఎంత గొప్పవాళ్ళయినా సరే, నాన్‌కివెల్ వారి టీ గానీ కాఫీ గానీ దొరికేది కాదు.

మూంటా అనే ఆ పాత రాగి గని ఊరి చుట్టుపక్కల అందరూ తాగేది రేకు కప్పు మీంచి ట్యాంకులో పడ్డ వాననీళ్ళే. "ఇంటికో రుచి ఉంటుందయ్యా. మీ నీళ్ళేమిటో తెలియకుండా నా టీ ఇవ్వడమంటే మనిషిని చూడకుండా చొక్కా కుట్టడమే," అనేవాడు. నడుముకి ఎప్పుడూ ఒక ఎనామిల్ మగ్గు వేలాడేది. సొంత మామగారి అంత్యక్రియల నాడు పాస్టరుగారు ప్రార్థన ముగించేలోపే మాయమై, చర్చి వెనక ట్యాంకు దగ్గర పుక్కిలిస్తూ దొరికాడు.

ఒకసారి బ్యాంకు మేనేజరుగారింట్లో విందు. క్లారెన్స్ అందరి ముందూ ఒక గుక్క నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకున్నాడు.

"ఎలా ఉన్నాయండీ?" అంది మేనేజరు భార్య మురిసిపోతూ.

"బల్లి."

"ఏమిటీ?"

"బల్లి పడిందమ్మా. పడి మూడు రోజులై ఉంటుంది."

సూప్ తాగుతున్న పధ్నాలుగు మందీ ఒక్కసారే చెంచాలు కింద పెట్టేశారు. మర్నాడు ట్యాంకు తోడిస్తే బల్లి దొరికింది. క్లారెన్స్ కూతురు మెర్ల్ మాత్రం నెల రోజులు ఆ వీధి మొహం చూడలేదు.

కంపెనీ ఆఫీసు చూసుకునేది మెర్లే. ఆమె ముత్తాత జేబెజ్ రాగి గని గేటు దగ్గర చేతిబండి మీద టీ కాచి అమ్మడంతో మొదలైన కంపెనీ అది. గని మూతపడి సగం ఊరు వెళ్ళిపోయినా, మిగిలిన సగం టీ మానలేదు కాబట్టి ఆమె తాత నిలదొక్కుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు "ఇది టీయా, గడ్డి కడిగిన నీళ్ళా?" అని వెక్కిరిస్తే, క్లారెన్స్ పంతం పట్టి కాఫీ గింజలు వేయించే యంత్రం తెచ్చాడు. ఇక తన హయాంలో కంపెనీ పేరు నగరం దాకా పాకాలని మెర్ల్ ఆశ.

1974 వేసవిలో ఒక మంగళవారం పొద్దున ఆ ఆశ కారు దిగింది. పేరు ప్రిచర్డ్. నగరంలో నలభై దుకాణాలున్న కంపెనీ తరఫున వచ్చాడు. నలభై దుకాణాల్లోనూ నాన్‌కివెల్ టీ పెడతారట. మెర్ల్‌కి కాళ్ళు నేల మీద నిలవలేదు. కాగితాలు బల్ల మీద పరిచి, తండ్రి చేతిలో పెన్ను పెట్టింది.

క్లారెన్స్ గోడ గడియారం చూశాడు. పది దాటింది. పెన్ను కింద పెట్టేశాడు.

"వస్తానండీ. ఐవీ అత్త ఇంట్లో నీళ్ళు చూడాలి."

"నాన్నా, పోయిన మంగళవారం చూశావు. అంతకు ముందు మంగళవారమూ చూశావు. మధ్యలో చుక్క వాన లేదు. అవే నీళ్ళు."

"ఎండకి మారతాయమ్మా," అంటూ మగ్గు సర్దుకుని వ్యాన్ ఎక్కేశాడు.

"మీ నాన్నగారు ఎప్పుడూ ఇంతేనా?" అన్నాడు ప్రిచర్డ్.

"లేదండీ, ఇవాళ కాస్త నయం," అంది మెర్ల్. కాగితాలు చంకన పెట్టుకుని, ప్రిచర్డ్ కారులోనే తండ్రి వెంటపడింది.

వాళ్ళు చేరేసరికి క్లారెన్స్ వీధి తలుపు బాదుతున్నాడు. లోపల్నుంచి పలుకు లేదు. "అత్తా," అని కేకేసి, అరవై మూడేళ్ళ మనిషి కంచె మీంచి అవతలికి దూకాడు. వీళ్ళిద్దరూ పరుగెత్తారు. ట్యాంకు పక్కన ఎనభై ఒక్కేళ్ళ ఐవీ టాంకిన్ నేల మీద పడి ఉంది. కాలు కదలడం లేదు. నోరు మాత్రం బాగానే కదులుతోంది.

"పది నిమిషాలు ఆలస్యంరా నువ్వు. తెల్లారినప్పట్నుంచీ ఇక్కడే పడున్నా."

"నలభై దుకాణాలాయన వచ్చాడత్తా, కాస్త ఆగాల్సొచ్చింది."

"ఈయనేనా? ఊరికే నిలబడ్డాడేం? ఎండకి అడ్డం పట్టమను."

ప్రిచర్డ్ కోటు విప్పి ఆవిడ తల కింద పెట్టాడు. అంబులెన్సు వచ్చేదాకా ఒప్పందం కాగితాలు ఆవిడ మొహానికి గొడుగులా పట్టుకుని నిలబడ్డాడు. తుంటి ఎముక విరిగిందనీ, ఇంకో రెండు గంటలు ఎండలో ఉంటే మనిషి దక్కేది కాదనీ డాక్టరు చెప్పాడు.

ఆసుపత్రి బయట, వ్యాన్‌లో తండ్రి పక్కన కూర్చున్న మెర్ల్‌కి ఒక చిన్న పుస్తకం దొరికింది. మంగళవారం కింద ఐవీ టాంకిన్. బుధవారం కింద జాగో పెన్‌హేల్. అలా ముప్పై ఒక్క పేర్లు. అందరూ ఒంటిగా ఉండే ముసలివాళ్ళే. నీళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

"నాన్నా, వీళ్ళ దగ్గరికి నువ్వెళ్ళేది నీళ్ళ కోసం కాదా?"

"మెల్లగా మాట్లాడు. ఎలా ఉన్నారో చూసిపోదామని వచ్చానంటే తలుపు తీస్తారా వీళ్ళు? ఐవీ అత్తయితే చీపురు తీస్తుంది."

"మరి ఊళ్ళో మిగతావాళ్ళ నీళ్ళెందుకు తాగడం? ఆ మేనేజరుగారివి?"

"ఈ ముప్పై ఒక్క ఇళ్ళలోనే తాగితే కనిపెట్టేయరూ?" అన్నాడు క్లారెన్స్ దిగులుగా. "అందుకే ఇరవై రెండేళ్ళుగా అందరివీ తాగుతున్నా. నిజానికి నాకు నీళ్ళంటే పడదమ్మా."

మెర్ల్ స్టీరింగు మీద తల పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది.

తర్వాత ప్రిచర్డ్‌తో కూర్చుని తనే బేరం కుదుర్చుకుంది. నలభై కాదు, ఆరు దుకాణాలు. అంతకు మించితే వారమంతా వ్యాన్ నగరంలోనే తిరగాలి, ఇక్కడ చాలా పనుందని చెప్పేసింది. పుస్తకంలో సగం పేర్లు తను తీసుకుంది.

బుధవారం జాగో పెన్‌హేల్ గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు.

"మీ నాన్న నీళ్ళు చూస్తాడు. నువ్వేం చూస్తావే?"

మెర్ల్ ఆ సంగతి ఆలోచించుకోలేదు. లోపల్నుంచి కుంకుమపువ్వు కేకు వాసన వచ్చింది.

"కేకండీ. ఇంట్లో కేకు ఎలా కుదురుతుందో తెలిస్తే గానీ టీ ఇవ్వకూడదని కొత్త పద్ధతి పెట్టాం."

జాగో కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత లోపలికెళ్ళి పెద్ద ముక్క కోసుకొచ్చాడు. ఆమె తినడం పూర్తికాకముందే టెలిఫోన్ దగ్గరికి నడిచాడు. మెర్ల్ మూడో ఇంటికి చేరేసరికి నాలుగో ఇంట్లో, ఐదో ఇంట్లో, ఆరో ఇంట్లో పిండి కలపడం మొదలైపోయింది.