మోహన రాగంలోకి మారిన ఆంటీ పాట

సిడ్నీలో చదువుకునే రోజుల్లో నాకు ఇద్దరు ప్రింటర్లతో పరిచయం. ఒకాయన అమెరికాలో ఎప్పుడో పోయాడు, నా యూనివర్సిటీ అసైన్‌మెంట్ కోసమే మళ్లీ బతికాడు. రెండో ఆయన సిడ్నీ శివారు టూంగాబీలో మా తెలుగు చర్చి పత్రిక వేసే అంకుల్.

అమెరికా ఆయన వారం వారం పత్రిక అచ్చేస్తూనే పల్లెజనం పాడుకునే భక్తిపాటలు కూడా పుస్తకంగా వేశాడు. ఆయనకు సంగీతం పెద్దగా రాదంటారు. అయినా తెలివిగా ఒక పని చేశాడు. చదరం, గుండ్రం, ముక్కోణం అంటూ స్వరాన్ని బట్టి ఆకారం మారే అచ్చు వాడాడు. సంగీతం చదువుకోనివాళ్లు కూడా ఆ ఆకారాలు చూసి పాడుకున్నారు.

మా అంకుల్‌కూ సంగీతం రాదు. పోలిక అక్కడితో సరి. ఆయన పత్రికలో మొదటి పేజీ పాస్టర్ గారి ఫొటోది, చివరి పేజీ ఇళ్లమ్మే ఏజెంటు ఫొటోది, మధ్యలో చోటు మిగిలితే దేవుడిది. అలాంటాయన పాటల పుస్తకం తలపెట్టారు. తెలుగు టైపింగ్ వచ్చిన పాపానికి నన్ను తన గరాజ్‌లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

ఒక సాయంత్రం, వృద్ధాశ్రమంలో పనిచేసే మా చర్చి ఆంటీ ఒకావిడ షిఫ్ట్ దిగి నేరుగా అక్కడికే వచ్చింది. కోనసీమలో వాళ్లమ్మ నాట్లేస్తూ పాడిన యేసు పాట ఒకటి ఆమెకు వచ్చు. ఇంకెవరికీ రాదు.

"నా పిల్లలు ఇంగ్లీషు తప్ప మాట్లాడరమ్మా. పుస్తకంలో ఉంటే ఎవరో ఒకరు పాడతారు. నాతో పోకూడదు" అంది.

యూనిఫాంలోనే నిలబడి పాడింది. ఆ వరస ఒకచోట వంగి, ఆగి, మళ్లీ లేచేది. నాకు ఏడుపొచ్చింది. అంకుల్‌కు సందేహమొచ్చింది.

"రాగం ఏంటి సిస్టర్? మన పుస్తకాల్లో ప్రతి పాట మీదా రాగం, తాళం ఉంటాయిగా. బ్లాంక్‌గా వదిలేస్తే ప్రొఫెషనల్‌గా ఉండదు."

"రాగం నాకేం తెలుసు బ్రదర్! మా అమ్మ అలా పాడేది."

నేను ఆగలేక అమెరికా ఆయన ఆకారాల సంగతి చెప్పాను.

"ఇది సాంగ్ బుక్కా, జామెట్రీ బుక్కా?" అన్నారు అంకుల్. "మోహన అని కొట్టమ్మా. మోహన అంటే ఎవరూ కాదనరు."

నేను కొట్టనన్నాను. ఆయనే ఒంటివేలితో కొట్టి, ఆది తాళం కూడా దయచేశారు.

పుస్తకం విడుదలైన ఆదివారం మొదట ఆ పాటే పాడించారు. కీబోర్డ్ వాయించేవారు కర్ణాటక సంగీతం నేర్చుకున్న మనిషి, అచ్చులో ఏముంటే అదే వేదం. మోహన అని ఉంది కాబట్టి మోహనలోనే వరస కట్టుకొచ్చారు. చర్చి మొత్తం చప్పట్లతో అందుకుంది. అంకుల్ కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆంటీ నోరు తెరిచి మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. మళ్లీ అందుకోబోయింది, అందలేదు. పక్క కుర్చీలో ఉన్నావిడ జాలిపడి, ఆంటీ పుస్తకంలో ఆ లైను వేలితో చూపించింది.

"కొత్త పాట కదా ఆంటీ. నాలుగు వారాలు మాతో పాడితే మీకూ వచ్చేస్తుంది."