నర్సమ్మ చెయ్యనన్న పని

నా చిన్నప్పుడు, డెబ్బైల్లో, ఆళ్లగడ్డలో కాన్పులు ఎక్కువగా ఇళ్లల్లోనే జరిగేవి. సర్కారు ఆసుపత్రి ఉండేది గాని, డాక్టరు వచ్చే రోజులకన్నా రాని రోజులే ఎక్కువ. ఊరికి దిక్కల్లా మా వీధి చివర కాపురముండే ఆ ఆసుపత్రి నర్సమ్మ. సూది వేసేది, కాన్పులు చేసేది, పిల్లల గజ్జికి మందు పూసేది. ఆదివారం ఆమె ప్రార్థనకు బయలుదేరేటప్పుడు కూడా ఎవరో ఒకరు గడప దగ్గర కూర్చునే ఉండేవాళ్లు. మా అవ్వకు మాత్రం ఆమె మీద నమ్మకం లేదు. పిల్లల్ని కనని మనిషికి కాన్పుల సంగతి ఏం తెలుస్తుందనేది.

మా తమ్ముడు పుట్టింది ఒక ఎండాకాలం పొద్దున. నర్సమ్మే పురుడు పోసింది. బిడ్డ బాగానే ఏడ్చాడు, ఇంట్లో అందరి ముఖాలూ తేటపడ్డాయి. కానీ బిడ్డ వెనక రావలసిన మాయ రాలేదు. నర్సమ్మ సూది వేసింది, కడుపు నిమిరింది, కాచుకుంది. అయినా రాలేదు. నేను వాకిట్లో కూర్చుని ఉన్నాను. లోపలి మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

అవ్వే మొదట నోరు తెరిచింది. "చెయ్యి పెట్టి తియ్యమ్మే. మా కాలంలో మంత్రసాని అట్లనే తీస్తాండె."

"అది డాక్టరు చేసే పని అవ్వా. నాకిచ్చిన పని కాదు."

"చాతకాదని చెప్పు మరి."

"చాతనవుతుంది. నంద్యాలలో డాక్టరమ్మ పక్కన నిలబడి చేసినా. లోపల తెగితే రక్తం ఎక్కించాల. ఈడ యాడుంది రక్తం?" అని, ఆమె బయటికి వచ్చి మా నాయనతో, "అన్నా, బండి చూడు. నంద్యాలకు బేగా పోవాల" అంది.

అవ్వ ఆమెను చాలా మాటలంది. వీధిలో ఆడవాళ్లు కూడా తలుపు దగ్గర చేరి, జీతం తీసుకునే మనిషి ఇట్లా చేతులెత్తేస్తే ఎట్లా అన్నారు. నర్సమ్మ ఆ మాటలు పట్టించుకోకుండా తన సామాను సంచిలో సర్దుకుంది.

పక్కింటి సాయిబు మామకు బస్తాలు తోలే జీపు ఉండేది. వెనక పరుపు పరిచి అమ్మను పడుకోబెట్టారు. బిడ్డనెత్తుకుని అవ్వ, అమ్మ పక్కన నర్సమ్మ కూర్చున్నారు. నన్ను ఇంట్లో వదిలే దిక్కులేక ముందు సీట్లో నాయన ఒళ్లో కూర్చోబెట్టారు.

శిరివెళ్ల దాటేదాకా అంతా నెమ్మదిగానే ఉంది. ఆ తర్వాత అవ్వ గొంతు వినబడింది, రక్తం పోతాందని. నేను వెనక్కి తిరిగి చూశాను. నర్సమ్మ మోకాళ్ల మీద లేచి, రక్తం ఆగేట్టు అమ్మ బొడ్డు పైన పిడికిలి పెట్టి తన బరువంతా దాని మీద వేసింది. జీపు గుంతల్లో ఎగిరిపడినప్పుడల్లా ఆమె తల పైరేకుకు తగిలేది. చెయ్యి మాత్రం తియ్యలేదు. "ఆపొద్దు మామా, పోనీ" అని ఒకసారి అంది. అవ్వ అడిగింది, ఈసారి బతిమాలుతూ: "ఇప్పుడన్నా తియ్యి తల్లీ."

"ఇది వదిలితే మనిషి దక్కదు అవ్వా. బిడ్డను చూసుకో" అంది.

నంద్యాల పెద్దాసుపత్రిలో అమ్మను నేరుగా లోపలికి తీసుకుపోయారు. మత్తిచ్చి, రక్తం ఎక్కించి, డాక్టరమ్మే మాయ తీసింది. మధ్యాహ్నానికి బయటికి వచ్చి, మనిషికి భయం లేదని చెప్పింది. మా నాయన గోడ పక్కన కూర్చుని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే.

నర్సమ్మ కుడిచెయ్యి ముడుచుకుపోయి వేళ్లు చాచలేకపోయింది. అవ్వ ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలే పిసుకుతూ కూర్చుంది. క్షమించమని అనలేదు. మా అవ్వకు అటువంటి మాటలు రావు.

అంతటితో అయిపోతే అది మా ఇంటి కథగా మిగిలేది. కానీ డాక్టరమ్మ వార్డు నుంచి వస్తుంటే నర్సమ్మ లేచి ఎదురుపోయింది. అమ్మా, ఈరోజు జీపు దొరికింది, దొరకని రోజు నేనేం చెయ్యాల అని అడిగింది. నాకు పూర్తిగా నేర్పించండి, ఎప్పుడు చెయ్యొచ్చో ఎప్పుడు చెయ్యకూడదో తేల్చి చెప్పండి అంది. డాక్టరమ్మ వెంటనే సరేననలేదు. అది తన ఒక్కదాని చేతిలో లేదని, పైవాళ్లు ఒప్పుకోవాలని, ఒకరికి అనుమతి ఇస్తే రేపు చాతకాని వాళ్లు కూడా చెయ్యి పెడతారని చెప్పింది. ఆ మాటలోనూ నిజముందని నర్సమ్మ తల ఊపడం చూశాను. అయినా పక్కకు జరగలేదు.

అనుమతి రావడానికి చాలా కాలం పట్టింది. నేను హైస్కూల్లో చేరాక ఆమె కొన్ని నెలలు నంద్యాలలో ఉండి నేర్చుకుని వచ్చింది. డాక్టరు అందని చోట, ప్రాణం మీదికి వస్తే చెయ్యవచ్చని చెప్పి పంపారట. వచ్చిన రోజే మా ఇంటికి వచ్చి, "అవ్వా, ఇప్పుడు ఆ పని నాకిచ్చినారు" అంది. అవ్వ ఆమెకు మజ్జిగ కలిపిచ్చి, "అది చేసే అవసరమే రాకుండా చూడమను మీ దేవున్ని" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇప్పుడు నేనే తరచుగా ఆసుపత్రి మంచం ఎక్కే వయసులో ఉన్నాను. నర్సు ఏదైనా చెయ్యనని, డాక్టరు రావాలని అంటే మా పిల్లలు విసుక్కుంటారు. నేను విసుక్కోను. ఆ మాట చెప్పి ఆ అమ్మాయి వెళ్లిపోతుందా, నా మంచం పక్కనే నిలబడుతుందా అని చూస్తాను. నిలబడితే కళ్లు మూసుకుని నిద్రపోతాను.