గడ్డి తినని పోతు

మన బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో మీలో ఒకరు రాశారు: "చేపల తాత నిద్రల్నే హాయిగా పోయిండట. అబద్ధాలు చెప్పి మనల్ని మస్తు నవ్వించేటోడు."

రెండూ తప్పే. మంగళవారం పొద్దున ఆయన వాకిట్లో వల కుట్టుకుంటూ, మా మేకను తిడుతూ పోయాడు. తిట్టు సగంలోనే ఆగింది. ఇక నవ్వించడమంటారా, మీరు నవ్వింది తర్వాత. అప్పుడు ఆయన మిమ్మల్ని భయపెట్టాడు. అందుకే మీరు పెద్దయ్యారు.

ఏటా ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలయ్యే ముందు ఆయన మన బడికి వచ్చేవాడు. పిలిచినా వచ్చేవాడు, పిలవకపోయినా వచ్చేవాడు. నా కుర్చీలో కూర్చోమంటే, "వద్దు పంతులమ్మా, కుర్సీకి నీసు అంటుతది" అని గడప దగ్గర గొంతుక్కూర్చునేవాడు. ఏటా అదే కథ చెప్పేవాడు: బలికి తెచ్చిన దున్నపోతొకటి తాడు తెంపుకుని మన ఊరి చెరువులో దూకిందట. ఇప్పటికీ నీళ్లలోనే ఉండి, దిగినవాళ్ల కాళ్లు పట్టి గుంజుతుందట. అదే గుండంపోతు.

"తాతా, నువ్వు సూసినవా?"

"సూసినోడు సెప్పతందుకు మిగుల్తడారా?"

పూర్వం ఆ పోతు తూము దగ్గర ఉండేదని మా అత్తగారు చెప్పేది. ఇటుక బట్టీలకు చెరువు మట్టి తవ్వుకుపోయి, నడిమధ్య తాటిచెట్టంత లోతు గుంట మిగిల్చాక, తాత దాన్ని అక్కడికి బదిలీ చేశాడు. మా శాఖలో ఏ బదిలీ కూడా అంత సకాలంలో జరగలేదు.

ఇప్పుడు మీకు తెలియని సంగతి చెబుతాను. నేను సైన్సు చెప్పేదాన్ని కదా. ఒక ఏడాది తాత కథ చెప్పి అలా వెళ్లగానే బోర్డు దగ్గర నిలబడి, "పోతు అంటే దున్న. దున్న శాకాహారి. గడ్డి తింటుంది. రాసుకోండి" అన్నాను. రాసుకున్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం ముగ్గురు పిల్లలు గుంటలో దిగారు. తాత ఇద్దరిని ఒడ్డుకు గుంజాడు. దిద్దడానికి తెచ్చుకున్న మూడో పిల్ల నోటుపుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఆ వాక్యానికి టిక్కు పెట్టాను.

బతికిన ఇద్దరూ గట్టు మీదే తాతకు చెప్పారట, గడ్డి తినేదే కదా అని దిగామని. సాయంత్రం తడిబట్టలతోనే మా ఇంటికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"పంతులమ్మా, గుంట ఉన్నదంటే పోరగాండ్లు లోతు సూడవోతరు. పోతు ఉన్నదంటే దూరంకెళ్లే సూత్తరు, దగ్గరికి పోరు. గంతే" అన్నాడు.

పిల్లలు దిగింది నా మాట వల్లనని ఆయన మరెవరికీ చెప్పలేదు. ఆ పిల్లలనూ చెప్పనివ్వలేదు. మరుసటి ఏడాది బడికి వచ్చి, "గీ పోతు గడ్డి తినదు పిల్లలూ! మీ పంతులమ్మనే బుక్కులు సదివి కనుక్కున్నది" అని నావైపు చూశాడు. నేను తలూపాను. నా ఉద్యోగంలో నేను చెప్పిన ఒకే ఒక్క పనికొచ్చే పాఠం, ఆ తలూపడం.

నిన్న ఆయన బదులు నేను బడికి పోయాను. కథంతా చెప్పాను. ముందు వరుసలో ఒక పిల్ల లేచింది.

"మేడం, మీరు సూసిండ్రా?"

అబద్ధం ఆడొద్దని నలభై ఏళ్లు చెప్పిన నోరు కదా. "లేదు" అంది.

"యూట్యూబ్‌ల ఉన్నదా?"

"లేదు."

"ఐతె లేనట్టే" అన్నాడు పక్కవాడు. గది గదంతా నవ్వింది. సరే అని నిజమే చెప్పాను, అక్కడ గుంట ఉంది, మునిగిపోతారని. "ఎంత లోతుంటది మేడం?" అని నలుగురు ఒకేసారి అడిగారు. వాళ్ల కళ్లు మెరిశాయి. ఆయన అబద్ధం నాకు చేతకావడం లేదు. నా నిజం పనిచేయడం లేదు. రాత్రంతా ఆలోచించినా చెప్పడానికి మూడో మాట తోచలేదు.

సోమవారం నుంచి ఒంటిపూట బడి. మధ్యాహ్నానికి పిల్లలంతా బయటే. కాబట్టి ఆయన ఫోటో కింద దండం బొమ్మలు పెట్టింది చాలు. దుబాయిలో ఉన్నవాళ్లను రమ్మనను. హుజూరాబాద్‌లో ఉన్నవాళ్లు మాత్రం తప్పించుకోలేరు, బస్సులున్నాయి. ఆదివారం పొద్దున్నే ఇద్దరు గొడ్డళ్లతో రండి, చెప్పులు వేసుకుని. చెరువుకట్ట కింద తుమ్మలున్నాయి. నాలుగు మోపుల కంప కొట్టి, గుంటకు పోయే బాటకు అడ్డంగా పరవండి. గాలికి లేవకుండా మొదళ్ల మీద రాళ్లు పెట్టండి. ముళ్లు మాత్రం బడి వైపుకు ఉండాలి.