మేనత్త మైకు

వైండింగు మేస్త్రి చర్చిలోకి వెళ్ళింది దేవుడి కోసం కాదు, ఎర్తింగు కోసం. ఈ మాట ఆయనే చెబుతాడు. మోటారు ఎందుకు కాలిపోయిందో గిరాకీకి వివరించినంత మామూలుగా చెబుతాడు.

కాలిపోయిన మోటార్లకీ ఫ్యాన్లకీ కొత్త రాగితీగ చుట్టడం ఆయన పని. మలుపులో ఒంటి గది దుకాణం, గోడ నిండా తీగచుట్టలు, లోపల ఎప్పుడూ వార్నిష్ వాసన. పెళ్ళయిన నాటి నుంచి ఆదివారం పూట భార్యని చర్చి గేటు దగ్గర దించడం, టీ కొట్లో పేపరు తిరగెయ్యడం, అయ్యాక మళ్ళీ బండెక్కించుకుని రావడం, ఇదీ ఆయన భక్తి మొత్తం. ఒక ఆదివారం లోపలి స్పీకర్లు పాస్టరు గారి ప్రసంగాన్ని మింగేసేలా గుర్రుమంటుంటే, గేటు బయటున్న మేస్త్రికి పళ్ళు జివ్వుమన్నాయి. "ఎర్తు సరిగ్గా లేదు" అని గొణుక్కుంటూ లోపలికి నడిచాడు. మోత ఆగింది. ఆయన్ని మాత్రం మళ్ళీ బయటికి పోనివ్వలేదు.

వెనక మూల ఒక బల్ల, దాని మీద మిక్సరు, దాని మీద ఒక్కో మైకుకి శబ్దం పెంచి తగ్గించే ఒక్కో జారుడు మీట. ఆ బల్ల ఆయనది అయిపోయింది. మొదటి వారమే పరువు పోయింది. ప్రార్థన మధ్యలో పాస్టరు గారు హఠాత్తుగా ఆగారు. హాలంతా చడీచప్పుడూ లేదు. మైకు పోయిందనుకున్న మేస్త్రి వేదిక దాకా పరుగెత్తి, కళ్ళు మూసుకుని నిలబడ్డ పాస్టరు గారి ముందు మైకు తట్టి, "హలో, హలో, చెక్" అన్నాడు. అది ఎవరికి వారు మనసులో ప్రార్థించుకునే సమయమని ఆయనకి ఎవరు చెప్పారు గనక? పాస్టరు గారు కళ్ళు తెరవకుండానే, "వినబడుతోంది మేస్త్రీ, పైనున్నాయనకి కూడా" అన్నారు.

మేస్త్రి అలా దెబ్బలు తింటూనే ఆరాధన నేర్చుకున్నాడు. పాస్టరు గారు గొంతు సవరించుకుంటే వాక్యం రాబోతోందని, కీబోర్డు పిల్ల నడుం నిటారుగా పెడితే పాట రాబోతోందని తెలుసుకున్నాడు. ఏ నిశ్శబ్దం చెడిపోయినదో, ఏది కావాలని ఉంచినదో చెవికి పట్టుబడింది. సేవ అనే మాట వాడితే ఆయనకి చిరాకు. "తీగలు చూసుకుంటున్నాను" అంటాడు. ఆ మాటే నాకూ నచ్చింది. సేవ గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళలో చాలామందికి స్విచ్చు ఎక్కడుందో కూడా తెలియదు.

ఇక మేనత్త సంగతి. మేస్త్రికి కాదు, ఆయన భార్యకి మేనత్త. భార్య చిన్నతనంలో తల్లిని పోగొట్టుకుంటే పెంచి పెద్ద చేసింది ఆవిడే. సర్వీసంతా బస్సు కండక్టరుగా చేసింది. ఇంజను మోత మీద స్టాపుల పేర్లు అరిచి అరిచి గట్టిపడిన గొంతు. రిటైరయ్యాక చర్చి గాయక బృందంలో ముందు వరుస చివర ఆవిడ చోటు, ఆవిడకో మైకు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కో మైకు విడిగా వింటే మేస్త్రికి ఆ గొంతు బండారం తెలిసిపోయింది. శ్రుతి దిగుతుంది. పైగా అందరికన్నా అరక్షణం ముందే ఎత్తుకుంటుంది.

పనిలో లోపం ఉంటే మేస్త్రి సహించలేడు. ఒక వారం ఆ మీట కాస్త దించాడు. మరు వారం ఇంకాస్త. వానలు మొదలయ్యేసరికి పూర్తిగా కిందికి లాగేశాడు. స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి గనక పాడేవాళ్ళకి తమ గొంతు బయట ఎలా ఉందో తెలియదు. కీబోర్డూ, పడుచు గొంతులూ కడిగిన గాజులా వినిపించసాగాయి. "సౌండు అదిరింది మేస్త్రీ" అన్నారంతా. భార్యకి కూడా చెప్పలేదు, ఇందులో చెప్పడానికి ఏముంది?

వానలు వెనకబట్టాక పాస్టరు గారు బల్ల దగ్గరికి వచ్చారు. "అంతా బాగానే ఉంది గానీ, జనం పాడట్లేదయ్యా. చెవులు తెచ్చుకుంటున్నారు, నోళ్ళు ఇంట్లో పెట్టి వస్తున్నారు."

మేస్త్రి స్పీకర్లు జరిపాడు. తీగలు మార్చాడు. లాభం లేకపోయింది.

అదే ఆదివారం మధ్యాహ్నం మేనత్త మేస్త్రి ఇంట్లో భోజనానికి కూర్చుని, "వచ్చే ఆదివారంతో నేను దిగిపోతానే" అంది మేనకోడలితో.

"ఎక్కణ్ణించి అత్తా?"

"పాటల్లోంచి. ఇన్నేళ్ళు నేను విజిలేస్తే బండి కదిలేది. ఇప్పుడూ వేస్తూనే ఉన్నా, బండి మాత్రం కదలట్లేదు. నేనెత్తుకుంటే జనం అందుకోవట్లేదు. గొంతు అరిగిపోయిందే పిల్లా."

"నీ గొంతు అరగడమా! నిన్న కూరగాయల బండిని మూడో వీధిలో ఉండగా ఆపావు కదా."

"అది గొంతు కాదు, కోపం."

మేనకోడలు నవ్వింది. మేస్త్రి కంచంలోంచి తల ఎత్తలేదు. నిజం చెప్పాలంటే మొదట ఆయనకి హాయిగానే అనిపించింది. ఇక మీట దించి తేలుకుట్టిన దొంగలా కూర్చునే బాధ తప్పుతుంది. అంతలో మేనత్త చేయి కడుక్కుంటూ, "ఇక ఆదివారం పొద్దున్నే ఎందుకు లేవాలో వెతుక్కోవాలి" అంది, ఎవరితోనూ కాకుండా. ఆ మాట ఆయనకి వారమంతా, తీగ చుట్టేటప్పుడు కూడా, చెవిలో జోరీగలా మోగింది.

శనివారం సాయంత్రం పాటల సాధన జరుగుతుంటే, ఊడిన తీగ బిగించడానికి మేస్త్రి చర్చికి వెళ్ళాడు. మైకులు లేవు, మిక్సరు ఆపేసి ఉంది. ఒకామె నేల తుడుస్తోంది, ఇద్దరు కుర్చీలు సర్దుతున్నారు. కీబోర్డు మోగింది. మేనత్త ఊపిరి తీసుకుంది, కుళాయిలో నీళ్ళొచ్చే ముందు గాలి చప్పుడులాగా. మరుక్షణం హాలంతా పాట. తుడిచే ఆమె తడిగుడ్డ ఆపకుండా పాడుతోంది. కుర్చీలవాళ్ళు కుర్చీలు మోస్తూనే పాడుతున్నారు. ఆదివారం నోరు విప్పని మనుషులే వీళ్ళంతా!

నిన్న తిరిగిన మోటారు ఇవాళ తిరగకపోతే, మధ్యలో ఏది మారిందో చూడాలి. మేస్త్రికి తెలిసిన వేదాంతం అదొక్కటే. స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించి, "అత్తయ్యా, బాగా అలిసిపోయినట్టున్నారు. బయట కాసిని మంచినీళ్ళు తాగి రండి" అన్నాడు.

"ఎప్పుడూ లేని ప్రేమ!" అంటూ వెళ్ళింది ఆవిడ.

మళ్ళీ పాట మొదలైంది. తుడిచే ఆమె తలెత్తి చూసింది, రెండో పాదంలో ఏదో గొణిగింది, ఊరుకుంది. కుర్చీలవాళ్ళు అసలు అందుకోలేదు. మేనత్త తిరిగొచ్చింది, ఊపిరి పీల్చింది. హాలంతా మళ్ళీ గొంతెత్తింది.

జనానికి కావలసింది ఆవిడ పాట కాదు. పాటకి ముందుండే ఆ ఊపిరి, ఆ తొందర. ఎప్పుడు ఎక్కాలో చెప్పే మనిషి లేక వాళ్ళు స్టాపులోనే నిలబడిపోయారు.

ఇంటికి వెళుతూ బండి మీద వెనక కూర్చున్న భార్యతో అన్నాడు: "మీ అత్త గొంతు నేనే నొక్కేశాను."

"ఏంటీ?!"

అంతా చెప్పి, "రేపు మెల్లగా మీట పైకి తోసేసి ఊరుకుంటాను. చాలదూ?" అన్నాడు.

"చాలదు. రేపు జనం పాడితే, చివరి రోజని జాలిపడి పాడారనుకుంటుంది. దిగే పోతుంది. మీ నోటితో మీరే చెప్పండి. నేను మాత్రం పక్కన ఉండను."

ఆదివారం జనం రాకముందే మేస్త్రి మేనత్తని బల్ల దగ్గరికి పిలిచాడు. "అత్తయ్యా, మీ గొంతు అరగలేదు. నేను దించేశాను." మీట చూపించాడు.

ఆవిడ మీట వంక చూసింది, ఆయన వంక చూసింది. "ఎప్పట్నించి?"

"వానల ముందు నుంచి."

"అంటే ఇన్నాళ్ళూ ఖాళీ బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టానన్నమాట." ఆవిడ కళ్ళు తడయ్యాయి. "నా చేతుల్లో పెరిగిన పిల్లనిచ్చాను నీకు. నా నోరు మూయించడానికా అల్లుడూ?"

మేస్త్రి సాకులు చెప్పలేదు. శ్రుతి దిగుతోందన్నాడు. ముందే ఎత్తుకుంటున్నారన్నాడు.

"ముందు కాకపోతే? బస్సు వెళ్ళిపోయాక విజిలేస్తారా ఎవరైనా?"

"అది నిన్నటిదాకా నాకు తెలీలేదత్తయ్యా. తప్పు నాదే."

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఏదీ, వినిపించు. అంత ఘోరంగా ఏం పాడానో నేనూ వింటా." మేస్త్రి హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకి తగిలించి, మైకు చేతికిచ్చాడు. ఒక పాదం పాడింది. సగంలో ఆగింది.

"ఈ ముసల్దెవరు?"

"మీరే."

"ఇంత అన్యాయంగానా! ముందే చెప్పి చావొచ్చు కదరా!" అని వీపు మీద ఒక్కటేసింది. కాసేపయ్యాక నవ్వింది. ఆ నవ్వు కూడా స్పీకర్లలోంచి వచ్చింది, మేస్త్రి మీట పైకి తోసి ఉంచాడు మరి.

బేరం ఆవిడే కుదిర్చింది. "మొదలు నాకు ఉంచు. జనం ఎక్కాక దించెయ్. పాట పిల్లలు పాడతారు."

చెప్పినంత తేలిక కాదది. ప్రతి చరణానికీ ముందు, ఆవిడ ఊపిరి తీసుకోకముందే మీట లేవాలి. జనం అందుకోగానే దిగాలి. ఏ చరణం ఎక్కడ మొదలవుతుందో మేస్త్రికి అప్పటిదాకా పట్టలేదు, ఆయనకి పాటంటే మీటల ఎత్తూపల్లాలే. ఆ ఉదయం మొదటిసారి ఆవిడ భుజాల మీద కళ్ళు పెట్టి కూర్చున్నాడు. చరణం రాబోతుంటే ఆవిడ మైకు కాడ మీద వేళ్ళతో రెండుసార్లు తట్టింది, బస్సు పక్కరేకు మీద తట్టినట్టు. మీట లేచింది. ఆ ఊపిరి హాలంతా వినబడింది. ఆ వెంటనే వెనక వరుసల దాకా నోళ్ళన్నీ తెరుచుకున్నాయి. పాస్టరు గారు పాడటం మానేసి వింటూ నిలబడ్డారు. మేస్త్రి హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు, వాటితో పనేముంది?

దించాల్సిన మీట రెండు చోట్ల దించడం మరిచిపోయాడు. శ్రుతి పోయింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. మూడో చరణానికి ఆవిడతో పాటే తనూ ఊపిరి పీలుస్తున్నట్టు ఆయన గమనించుకున్నాడు. పీల్చిన ఊపిరిని ఏం చెయ్యాలో తెలియక, పాడాడు.

దేవుడి విషయంలో మేస్త్రి ఇంకా ఏమీ తేల్చుకోలేదు. మేనత్త విషయంలో మాత్రం ఆయనకి ఏ అనుమానమూ లేదు. ఆ మూల బల్ల దగ్గర తనకో చోటు దొరకడం అదృష్టమంటాడు. ఆయన నోట ఆ మాట వింటే, గొప్పకి చెప్పడం లేదని తెలుస్తుంది.

ఆరాధన ముగిశాక అందరూ మేనత్త చుట్టూ మూగారు. ఆవిడ వాళ్ళని తోసుకుంటూ తిన్నగా వెనక మూలకి వచ్చింది. తన పాటల పుస్తకం బల్ల మీద పెట్టింది.

"వచ్చే వారం రెండోది కొత్త పాట. చరణాలు పొట్టివి, వెంటవెంటనే వస్తాయి. బుధవారం నీ కొట్టుకి వచ్చి అప్పజెప్పించుకుంటా."

"అంటే, వచ్చే వారం కూడా..."

"చెప్పింది నేర్చుకో అల్లుడూ. అవతల జనం నిలబడి ఉన్నారు."