రెండు డబ్బాల పరీక్ష

అమెరికాలోని నోవైలో మా పక్కింటి అంకుల్ కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. టీ రుచి మారినా సరే, చూపుడువేలు ఎత్తి "కారణం తెలియాలంటే ఒకసారికి ఒకటే మార్చాలి" అనేవారు.

ఒక ఉగాది విందులో ఆయన కడుపుబ్బరంతో మజ్జిగతోనే సరిపెట్టుకున్నారు. మరుసటి ఉగాదికి గుత్తివంకాయ తిని తీరాలని చైనీస్ షాపులో రెండు డబ్బాల మూలికా మాత్రలు కొన్నారు. డబ్బాల మీద చూస్తే రెండూ చిన్న నల్లటి ఉండలే, రెండింట్లోనూ ఎండు కమలా తొక్క ఉంది. ఒకటి అతిగా తిన్నవాళ్లకు, రెండోది కొంచెం తిన్నా అరగనివాళ్లకు అని షాపామె చెప్పిందట.

"మీరు ఏ రకం అంకుల్?"

"టెస్ట్ చేస్తేగా తెలిసేది! ముందు మాత్రల్లేకుండా కడుపు ఎలా ఉంటుందో చూసి బేస్‌లైన్ తీసుకోవాలి."

బేస్‌లైన్ కోసం రోజూ చీకటి పడకముందే ఒకే వేళకు, ఒకే కొలత పెసరపప్పు అన్నం తిన్నారు. రాత్రి కాఫీ, కారప్పూస మానేశారు.

"ఇన్నేళ్లు నేను మొత్తుకుంటే వినలేదు, టెస్ట్ అనేసరికి విన్నారు!" అని ఆంటీ దెప్పారు.

ఉగాది నాటికి మాత్రలు పరీక్షిద్దామంటే ఉబ్బరమే మిగల్లేదు. విందులో గుత్తివంకాయ అన్నం ముగించి, హాలంతా వినబడేలా బ్రేవ్‌మని తేన్చారు. మేం చప్పట్లు కొట్టాం. ఆయన సీలు తీయని డబ్బాలు రెండూ కప్పు గెలిచినట్టు పైకెత్తారు.

ఈసారి వేలెత్తింది ఆంటీ. "వేళ, తిండి, కాఫీ అన్నీ ఒకేసారి మార్చేశారు! ఏది పనిచేసిందట?"

"తెలీదు," అన్నారాయన గర్వంగా. "ఇంకో వంకాయ వెయ్యి!"