ఆడపెళ్ళివారి చీమలకు మా ఇంటి మర్యాద

మర్యాద లేక చెడిన సంబంధాలు మీరు చాలా చూసి ఉంటారు. మర్యాద ఎక్కువై, అదీ చీమలకు ఎక్కువై, చెడబోయిన సంబంధం మాత్రం గాజువాక మొత్తానికి నాదొక్కటే. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. నేనే నవ్వుతున్నాను, మీకేం.

మాది గోదావరి జిల్లా. నాన్నకు స్టీలు ప్లాంటులో ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చేశాం. ఊరైతే వదిలాం గానీ పెట్టే చెయ్యి వదల్లేదు. భోజనానికి వచ్చినవాడు "చాలు" అంటే మా అమ్మ దాన్ని "ఇంకొంచెం" అని అర్థం చేసుకుంటుంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డిస్తుంది. నేనూ ఆవిడ కొడుకునే అని గుర్తుంచుకోండి.

రత్నానికీ నాకూ మాటలైపోయాయి, ముహూర్తం పెట్టడమే తరువాయి. రత్నం ఇక్కడి పిల్లే. లోకంలో ఆడపిల్లలు కుక్కల్నో చిలకల్నో పెంచుతారు కదా, ఈ పిల్ల చీమల్ని పెంచుతుంది. అద్దాల పెట్టెలో ఒక రాణి, దాని పిల్లలు, చాకిరీకి ఓ గుప్పెడు గండుచీమలు. పెట్టె నుంచి ఒక గొట్టం, ఆ చివర చిన్న డబ్బా. తిండి ఆ డబ్బాలోనే పెట్టాలి. దాన్ని "వాకిలి" అంటుంది రత్నం. ఎలమంచిలిలో చుట్టాల పెళ్ళికి వెళ్తూ ఆ సరంజామా అంతా మా ఇంట్లో దింపింది.

"రెండ్రోజులకో కీచురాయి. సిన్నది. సంపేసి, కాళ్ళు తీసేసి వాకిట్లో పెట్టండి. మిగిల్తే మర్నాడు తీసెయ్యండి. అంతే, ఇంకేటీ వద్దు."

"అంతేనా?" అన్నాను. నాకు చిన్నతనంగా అనిపించింది.

"అంతే. రాణికేటన్నా అయితే మాత్రం ముహూర్తం సంగతి నాను మళ్ళీ ఆలోసించుకోవాల. సీమకి తిండెట్టడం సేతకానోడు రేపు నన్నేటి సూస్తాడు?"

నవ్వుతూనే అంది గానీ, రత్నం నవ్వుతూ అన్న మాటలే జరిగి తీరతాయని వాళ్ళింట్లో పేరు.

కీచురాళ్ళు రత్నం తమ్ముడు పైడిరాజు అక్వేరియం షాపులో దొరుకుతాయి. వెళ్ళి పెద్దవి కావాలన్నాను.

"పెద్దవి బల్లులు పెంచేవోళ్ళు కొంటారు బావా. సీమలకి సిన్నవి సాలు."

"మీ ఇంటి చీమలు మొదటిసారి మా ఇంటికొస్తే చిన్నవి పెడతామా?"

"పోనీ సంపి ఇత్తానుండు."

"చచ్చినవెందుకు? తాజాగా ఉండాలి."

పైడిరాజు నా మొహం చూశాడు. కాబోయే బావని, ఎదురు చెప్పకూడదు. "నీ ఇట్టం బావా," అని బొటనవేలంత కీచురాళ్ళను సంచిలో వేసి ఇచ్చాడు.

ఇంటికొచ్చి వాటిని ప్రాణాలతోనే వాకిట్లో వదిలాను. అమ్మ చూసి మొహం ముడుచుకుంది.

"ఆడపెళ్ళివారి తరఫునొచ్చాయి రా. ఒట్టి పురుగులు పెట్టి ఊరుకుంటావా?"

పెళ్ళింటికి పంపడానికి తెచ్చిన పూతరేకుల డబ్బా అక్కడే బల్ల మీద ఉంది. అందులోంచి ఒక ముక్క తుంచి, చీమలకు నడిచే శ్రమ లేకుండా పెట్టె మూత తీసి రాణిగారి ముందే పెట్టింది. గాలాడాలని పెట్టె మూతా, పూతరేకుల డబ్బా మూతా రెండూ ఓరగా వదిలేసింది.

మర్నాడు చూస్తే పూతరేకు అలాగే ఉంది, కీచురాళ్ళు గెంతుతున్నాయి. నచ్చలేదేమో అనుకుని ఇంకో రెండు వేశాను. అమ్మ బూరె కూడా చిదిమి వేసింది. ఆ పై రోజుకి పెట్టెలో బూజు మొదలైంది. చీమలన్నీ పిల్లల్ని నోట కరుచుకుని అటూ ఇటూ పరుగులు. "మొహమాటపడుతున్నాయి, అలవాటైతే అవే తింటాయి," అంది అమ్మ. నేనూ నమ్మాను.

ఆ మర్నాడు పొద్దున్నే పైడిరాజు కూడా ఎలమంచిలి పెళ్ళికని స్టేషనుకు పోతూ మా ఇంట్లో ఆగాడు. అమ్మ పూతరేకుల డబ్బాకి తాడు కట్టి అతని చేతికిచ్చింది. అతణ్ణి సాగనంపి వచ్చి పెట్టెలోకి చూద్దును కదా, ఒక్క చీమ లేదు. రాణి ఉండాల్సిన చోట బలిసిన కీచురాయి కూర్చుని కచేరీ చేస్తోంది. చీమలు పెట్టిన పుట్టలు పాములకిరవంటారు. మా ఇంట్లో పాముల దాకా పోనక్కర్లేకపోయింది.

"తినేసిందే అమ్మా, రాణిని తినేసింది," అన్నాను.

"అయ్యో, మనం అంత పెట్టినా దానికి చాల్లేదా?" అంది అమ్మ.

నాకు నిజంగానే భయం వేసింది. రత్నమంటే నాకు ప్రాణం. ఆ పిల్ల ప్రాణమంతా ఆ రాణి మీద. భయంలో మనిషికి వచ్చేవి తెలివితేటలు కావు, వేషాలు. కీచురాళ్ళను ఏరేసి, పెట్టెలో బూజు తుడిచి, పెరట్లో వేపచెట్టెక్కి, నల్లగా కనిపించిన చీమనల్లా పట్టి పెట్టెలో వేశాను. అవి కుట్టిన కుట్లకు నా చెయ్యి అమ్మ బూరెలా పొంగింది. వాటిలో లావుపాటిదానికి రాణి పట్టం కట్టాను.

రత్నం ఊరినుంచి వస్తూనే మా ఇంటికి వచ్చింది. పెట్టె వంక చూసింది.

"బాగా సూసుకున్నారా?"

"కళ్ళల్లో పెట్టుకున్నాను."

"రాణేదీ?"

"అదుగో."

"సిక్కిపోయినట్టుందే?"

"నీ మీద బెంగ."

"అలాగా," అని సంచిలోంచి మా పూతరేకుల డబ్బా తీసి బల్ల మీద పెట్టి, మూత కొంచెం పక్కకు జరిపింది.

లోపల, బెల్లం వాసన మధ్య, పూతరేకుల మడతల్లో, రాణి నిండుగా కూర్చుని ఉంది. ఒక మడతలో గుడ్లు, ఒక మడతలో పిల్లలు, చుట్టూ కాపలా. మడతకో గది చొప్పున కాపురం పెట్టేశాయి.

"పెళ్ళింట్లో డబ్బా నాను విప్పాను కాబట్టి సరిపోయింది. మీ మర్యాదలు తట్టుకోలేక సీమలు టిక్కెట్టయినా తియ్యకుండా రైలెక్కి నా కాడికొచ్చేసినాయి. ఇంకో మాట. ఆ పెట్టెలో మీరు పెట్టింది రాణి కాదు, కూలీ సీమ."

సిగ్గుపడాల్సిన సమయమే గానీ, నాకు ఆ తీరిక లేకపోయింది. రాణి బతికే ఉంది. కుర్చీలో కూలబడి, చాలా రోజుల తర్వాత కడుపునిండా ఊపిరి పీల్చుకున్నాను.

"మరి ముహూర్తం?" అన్నాను మెల్లగా.

"పెట్టించండి. కానీ తిండికి భయపడి సీమలే పారిపోయిన కొంపకి రేపు నాను కాపరానికి రావాల. నాను సాలంటే సాలు. తల్లీకొడుకులిద్దరూ ఈ డబ్బా మీద ఒట్టెయ్యండి."

అమ్మ ముందుగా డబ్బా తాకింది. "అలాగేనమ్మా, ఇంకెవర్నీ బలవంతపెట్టను. పాపం ఎండనపడి వచ్చావు, ముందీ బూరె తిను."

రత్నం తింది. "సాలండి అత్తయ్యా."

అమ్మ చెయ్యి అప్పటికే రెండో బూరెతో బయల్దేరింది. మధ్యలో నేను పట్టుకున్నాను. భర్తగా నా మొదటి బాధ్యత పెళ్ళికి ముందే నెరవేర్చానని మనవి.

వేపచెట్టు చీమల్ని చెట్టు మీదే వదిలాను, దారిలో తినడానికేమీ ఇవ్వలేదు. ఆనక కాళ్ళు కడుక్కుని, తూర్పు తిరిగి, వాచిన కుడిచెయ్యి పూతరేకుల డబ్బా మీద ఉంచి రాణిగారి సాక్షిగా ప్రమాణం చేశాను: కడుపు నిండిందని ఎవరు చెప్పినా, చీమ చెప్పినా సరే, ఇకమీదట నమ్ముతాను.